మంచుబండి కుక్క, మెదక్ ఎండ

చలికాలం వాతావరణ వార్తలు వినేవాళ్లకు తెలంగాణలో రెండు ఊళ్ల పేర్లు బాగా అలవాటు: ఆదిలాబాద్, మెదక్. రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోయిన ఊళ్ల జాబితా చదివితే అందులో మెదక్ తరచూ ఉంటుంది. క్రిస్మస్ నాడు తెల్లవారకముందే మెదక్ చర్చి దగ్గరకు వచ్చే జనాన్ని చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చి ముందు మంకీ క్యాపులు, మఫ్లర్లు, శాలువలతో నిలబడి అరచేతులు రుద్దుకుంటుంటారు. పది, పన్నెండు డిగ్రీలు ఉంటుంది. మనకు అది పళ్లు గిటగిటలాడే చలి.

ఆ చలిలోనే అలాస్కా నుంచి ఒక మంచుబండి కుక్కను తెచ్చి, బండికి కట్టి, నర్సాపూర్ దారిలో పరుగెత్తించామనుకుందాం. కొన్ని కిలోమీటర్లు పోయేసరికి నాలుక బారెడు వేలాడేసి రొప్పుతుంది. అలాగే అదిలిస్తూ పోతే దానికి వడదెబ్బ తగిలినా తగలొచ్చు. పన్నెండు డిగ్రీల్లో వడదెబ్బేమిటని నవ్వుకోవచ్చుగానీ, మంచుబండ్లు తోలేవాళ్లు దీనికి నవ్వరు. ఈ ఆటను మషింగ్ అనీ, తోలేవాళ్లను మషర్లనీ అంటారు. వాళ్లకు నచ్చే వాతావరణం సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన. సున్నా దగ్గరికి వచ్చిందంటే వాళ్లకు దిగులు మొదలవుతుంది. జట్టు వేగం తగ్గిస్తారు, పగలు విశ్రాంతి ఇచ్చి రాత్రిపూట ప్రయాణం పెట్టుకుంటారు.

ఈ కుక్కల గురించి పుస్తకాల్లో, సినిమాల్లో ఎక్కువగా కనిపించేది వాటి చలి ఓర్పు. నిజానికి వాటి ఒంట్లో అంతకన్నా విచిత్రమైనవి రెండున్నాయి. అవి తిండిని ఎలా ఖర్చుపెడతాయన్నది ఒకటి, ఆ ఖర్చులో పుట్టిన వేడిని ఎలా వదిలించుకుంటాయన్నది ఇంకొకటి. ఈ రెండూ తెలిస్తే మన వీధికుక్క మీద కూడా గౌరవం పెరుగుతుంది.

ముందు బండి సంగతి చూద్దాం. శివరాత్రి మర్నాడు మెదక్ దగ్గరి ఏడుపాయల జాతరలో ఎడ్లబండ్లు తిరిగేటప్పుడు చూసినవాళ్లకు జోడు కట్టడం ఎంత పనో తెలుసు. దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే బండి తిన్నగా సాగదు. మంచుబండి జట్టులోనూ ప్రతి కుక్కకూ దాని చోటు ఉంటుంది. పొడవాటి తాడుకు రెండేసి చొప్పున పద్నాలుగు, పదహారు కుక్కలను కడతారు. అందరికన్నా ముందుండేవి దారి చూపే నాయక కుక్కలు. వాటి వెనక జంట, మలుపుల్లో జట్టును తిప్పుతుంది. బండికి ఆనుకుని ఉండే చివరి జంట బరువును నేరుగా లాగుతుంది కాబట్టి అక్కడ గట్టి కుక్కలను పెడతారు. ఇక్కడ ముకుతాడు లేదు, పగ్గం లేదు, ములుకర్ర లేదు. మషర్ వెనక చెక్కల మీద నిలబడి నోటితో చెప్పాలి. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు. ఎక్కడో పదిహేను ఇరవై మీటర్ల ముందున్న నాయక కుక్క ఆ మాట విని తిరగాలి. కింద మంచుగడ్డ పలచగా ఉందని దానికి అనిపిస్తే మాట వినకుండా ఆగిపోవాలి కూడా. మంచి నాయక కుక్క విలువ ఈ రెండో గుణంలో ఉంది.

1925 జనవరిలో అలాస్కా పడమటి తీరంలోని నోమ్ అనే ఊళ్లో పిల్లలకు కంఠసర్పి సోకింది. ఊరికి ఉన్నది ఒక్కడే డాక్టరు, కర్టిస్ వెల్చ్. ఆయన దగ్గరున్న మందు పాతబడింది. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. విమానాలున్నాయిగానీ అవి పైకప్పు లేని ఆ రోజుల విమానాలు, ఆ చలిలో ఎగరడం ప్రాణాలతో చెలగాటం. మందును రైల్లో నెనానా అనే ఊరిదాకా తెచ్చారు. అక్కడి నుంచి నోమ్‌కు 1,085 కిలోమీటర్లు. ఇరవై మంది మషర్లు, సుమారు 150 కుక్కలు చేయి మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో మందును చేర్చారు. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున గున్నార్ కాసెన్ జట్టు నోమ్‌లోకి వచ్చింది. ఆ జట్టులో బాల్టో అనే కుక్కకు పేరొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం కూడా పెట్టారు. అయితే అన్నిటికన్నా దూరం, అన్నిటికన్నా ప్రమాదకరమైన దారి నడిచింది లియోన్‌హార్డ్ సెప్పాలా జట్టు. రానూపోనూ కలిపి సుమారు 420 కిలోమీటర్లు, అందులో గడ్డకట్టిన సముద్రం మీద మంచు తుఫానులో సాగిన భాగం ఒకటి. దాని నాయక కుక్క టోగోకు అప్పటికి పన్నెండేళ్లు. కుక్కల లెక్కలో ముసలితనమే. చివరి మజిలీ చేసినవాడికి దండ పడటం మనుషుల్లో ఎంత మామూలో కుక్కల్లోనూ అంతేనన్నమాట.

1960ల నాటికి మోటారు మంచుబండ్లు వచ్చి అలాస్కా పల్లెల్లో కుక్కల పని పోయింది. ఆ విద్య అంతరించిపోకూడదని జో రెడింగ్టన్ అనే మషర్ పూనుకోగా 1973లో ఇడిటరాడ్ పందెం మొదలైంది. ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు. మొదటి ఏడు డిక్ విల్మార్త్ ఇరవై రోజుల్లో గెలిచాడు. 1985లో లిబీ రిడిల్స్ తుఫానులో అందరూ ఆగిపోయిన చోట ముందుకు సాగి, ఆ పందెం గెలిచిన తొలి మహిళ అయింది. 2017లో మిచ్ సీవీ ఎనిమిది రోజుల మూడు గంటల చిల్లరలో చేరాడు. ఆ ఎనిమిది రోజుల్లో ఒకచోట ఇరవై నాలుగు గంటలు, మరో రెండుచోట్ల ఎనిమిదేసి గంటలు తప్పనిసరిగా ఆగాలన్న నియమం కూడా ఉంది. ఆగిన సమయం కలుపుకున్నా కుక్కలు సగటున రోజుకు సుమారు 200 కిలోమీటర్లు పోయాయన్నమాట. మనిషి పరుగుకు దూరమంటే మారథాన్ 42 కిలోమీటర్లు. అది కూడా రోజూ పరుగెత్తగలిగేవాళ్లు బహు అరుదు.

ఇక్కడే శాస్త్రవేత్తలకు కుతూహలం పుట్టింది. కెన్నెత్ హించ్‌క్లిఫ్ బృందం పందెపు కుక్కల మీద చేసిన పరిశోధన 1997లో అచ్చయింది. డెబ్భై గంటల్లో 490 కిలోమీటర్లు పోయిన కుక్కలు ఒక్కొక్కటీ రోజుకు సుమారు 47,000 కిలోజౌళ్లు, అంటే పదకొండు వేల కిలోక్యాలరీల పైన ఖర్చుపెట్టాయని తేల్చారు. కుక్క బరువు ఇరవై అయిదు కిలోల లోపే. పొలంలో రోజంతా ఒళ్లొంచి పనిచేసే అరవై కిలోల కూలీకి మూడు వేల క్యాలరీలు చాలు. కిలో బరువుకు లెక్క కడితే ఆ కుక్క మన కూలీకి తొమ్మిది రెట్లు ఖర్చుపెడుతోంది.

ఆ పదకొండు వేలను అన్నంతో నింపాలంటే ఎంత కావాలో చూడండి. కిలో బియ్యంలో సుమారు 3,500 క్యాలరీలు. మూడు కిలోలకు పైగా బియ్యం వండాలి, ఉడికితే ఎనిమిది తొమ్మిది కిలోల అన్నం. పాతిక కిలోల జంతువు పొట్టలో అది పట్టదు, పట్టినా ఆ బరువుతో పరుగెత్తలేదు. అదే కొవ్వు అయితే కిలో పావు చాలు. అందుకే మషర్ దగ్గర దాణా అంటే మాంసం, సాల్మన్ చేప, జంతువుల కొవ్వు. విడిది చేరగానే మషర్ ముందు తన ఆకలి చూసుకోడు. పొయ్యి వెలిగించి, మంచు కరిగించి, అందులో మాంసం, కొవ్వు, పొడి దాణా కలిపి వేడివేడి జావలా చేసి పోస్తాడు. దాంతో తిండీ నీళ్లూ ఒకేసారి లోపలికి పోతాయి. తర్వాత గడ్డి పరిచి పడుకోబెట్టి, ఒక్కో పాదం విప్పి చూస్తాడు. వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టి కోస్తుంది కాబట్టి పాదాలకు గుడ్డ తొడుగులు వేస్తారు. పదహారు కుక్కలకు అరవై నాలుగు పాదాలు. ఇవన్నీ అయ్యాక మనిషికి నిద్రపోవడానికి గంటో గంటన్నరో మిగులుతుంది.

కొవ్వు తినడం వేరు, పరుగెత్తుతూ దాన్ని మండించడం వేరు. మన కండరాలు గట్టిగా పనిచేసినప్పుడు ముందు గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వను వాడుకుంటాయి. మారథాన్ పరుగెత్తేవాళ్లకు ముప్ఫై కిలోమీటర్లు దాటాక కాళ్లు ఒక్కసారిగా సీసం పోసినట్టు బరువెక్కడానికి ఆ నిల్వ అడుగంటడమే పెద్ద కారణం. మర్నాడూ ఆ మర్నాడూ పరుగెత్తితే నిల్వ ఇంకా తరిగిపోవాలి. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ డేవిస్, ఎరికా మెకెంజీ తదితరులు అలాస్కా కుక్కలను రోజుకు నూటనలభై, నూటఅరవై కిలోమీటర్ల చొప్పున వరసగా పరుగెత్తించి కండరాలను పరీక్షించారు. మొదటి రోజు గ్లైకోజెన్ తగ్గింది. తర్వాతి రోజుల్లో, కుక్కలు పరుగెత్తుతూనే ఉండగా, అది మళ్లీ పెరిగింది. పరుగు ఆపకుండానే ఒళ్లు కొత్త పద్ధతికి మారిపోయిందన్నమాట. కొవ్వును మండించే పని మీదికి ఎక్కువగా మళ్లి, చక్కెరను దాచుకుందని వాళ్లు భావించారు. ఆ పరిశోధనకు అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టిందంటే ఆశ్చర్యం లేదు, అలిసిపోని సైనికుడు ఏ సైన్యానికి చేదు?

కొవ్వు మండాలంటే ప్రాణవాయువు దండిగా అందాలి. నిమిషానికి కిలో బరువుకు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నది ఓపికకు కొలమానం. ఒలింపిక్ స్థాయి పరుగువీరుల్లో అది ఎనభై, తొంభై మిల్లీలీటర్లు. శిక్షణ పొందిన మంచుబండి కుక్కలో రెండు వందలకు అటూఇటూగా ఉంటుంది.

ఇక వేడి. తిన్న శక్తిలో ఎక్కువ భాగం చివరికి వేడిగానే బయటికి పోవాలి. 47,000 కిలోజౌళ్లను రోజులోని సెకన్లతో భాగిస్తే రాత్రీ పగలూ కలిపి సగటున 540 వాట్లు వస్తుంది. పరుగెత్తే గంటల్లో ఇంకా ఎక్కువే. పాతిక కిలోలు లేని ఒక జంతువు అర కిలోవాట్ హీటర్‌లా వేడి చిమ్ముతోందన్నమాట. చుట్టూ మైనస్ ముప్ఫై ఉంటే ఆ వేడి ఒంటి మీద నుంచి, చెవుల నుంచి, తడి ముక్కు నుంచి దానంతటదే గాలిలోకి పోతుంది. అలాంటి చలి దానికి వరం.

మెదక్‌లో మే నెల మధ్యాహ్నం గాలి నలభై దాటుతుంది. కుక్క ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీలు. గాలే ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు వేడి బయటికి పోదు సరికదా, లోపలికే వస్తుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, నీటిని ఆవిరి చేయడం. లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్లు పోతాయి. పందెపు స్థాయిలో పనిచేసే కుక్క ఆ మొత్తం వేడిని ఆవిరి ద్వారానే వదలాలంటే రోజుకు దాదాపు ఇరవై లీటర్ల నీళ్లు, అంటే తన బరువులో అయిదింట నాలుగు వంతుల నీరు, ఆవిరి కావాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తలకే కాస్త పడుతుంది. ఆవిరి పని అంతా ముక్కు, నోరు, నాలుక చేయాలి.

రొప్పడాన్ని మనం అలసటకు గుర్తుగా చూస్తాంగానీ, అది చల్లబరిచే యంత్రం. ఈసారి ఎండలో పడుకున్న వీధికుక్కను కాస్త దూరం నుంచి గమనించండి. నిమిషానికి మూడు వందల సార్లకు పైగా ఊపిరి ఆడుతుంది. అంత వేగంగా డొక్కలు ఆడించడానికే బోలెడు శక్తి ఖర్చై ఇంకా వేడి పుట్టాలి కదా? అలా జరగదు. కుక్క ఛాతీకి ఒక సహజమైన ఊపు ఉంది. సరిగ్గా ఆ వేగంలో రొప్పితే ఊయల ఊగినట్టు తక్కువ బలంతోనే సాగిపోతుందని 1962లో క్రాఫర్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అందుకే కుక్క రొప్పితే ఆ వేగంలోనే రొప్పుతుంది, మధ్యస్థంగా రొప్పడం తక్కువ. 1970లో క్నుట్ ష్మిట్-నీల్సన్ బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. రొప్పే కుక్క గాలిని ఎక్కువగా ముక్కుతో పీల్చి నోటితో వదులుతుంది. తడి ముక్కు గోడల మీదుగా లోపలికి వెళ్లే గాలి అక్కడి రక్తాన్ని చల్లబరుస్తుంది. అదే ముక్కుతో వదిలితే వేడి మళ్లీ ముక్కులోనే చిక్కుకుపోతుంది. నోరు తెరిచి వదలడంలో మర్మం ఇదీ.

ఈ యంత్రానికి ఒక బలహీనత ఉంది. గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరవుతుంది. ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో కుక్క నీడ, నీళ్లు దొరికితే ఎలాగో నెట్టుకొస్తుంది. తొలకరి పడ్డాక ఉక్కపోత మొదలైతే, థర్మామీటరు తక్కువ చూపించినా, అది ఇంకా ఇబ్బంది పడొచ్చు.

చలికి కుక్క చేసుకున్న ఏర్పాట్లు కూడా మెచ్చుకోదగ్గవే. మంచులో ఉత్త పాదాలతో గంటలు నిలబడినా అవి గడ్డకట్టకపోవడానికి కారణం పాదంలోని రక్తనాళాల అల్లిక. కిందికి దిగే వేడి రక్తం, పైకి ఎక్కే చల్లటి రక్తం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. దిగేది తన వేడిని ఎక్కేదానికి అప్పగిస్తుంది. 2011లో జపాన్ పరిశోధకులు కుక్క పాదాలలో ఈ అమరికను వివరించారు. ఒంటి మీద బొచ్చు రెండు పొరలు: లోపల మెత్తటి ఉన్ని, పైన నీళ్లను జార్చే గట్టి వెంట్రుకలు. సైబీరియన్ హస్కీకి ఆ రెండూ దట్టంగా ఉంటాయి. పందేల్లో గెలిచే అలాస్కా కుక్కకు అంత ఉండవు. అది సంకర జాతి, చూడ్డానికి మన ఊరకుక్కకు దగ్గరగా ఉంటుంది. హెదర్ హ్యూసన్ బృందం 2010లో వాటి జన్యువులు చూసినప్పుడు తక్కువ దూరం పందేల కుక్కల్లో వేటకుక్క పాయింటర్, ఎడారి వేటకుక్క సలూకి రక్తం కనిపించింది. కర్ణాటకలోని ముధోల్ వేటకుక్కకు చుట్టంగా చెప్పుకునే జాతి అది. మంచు మీద గెలిచేందుకు ఎడారి కుక్కను కలిపారంటే, అక్కడి మషర్లకు కావలసింది దట్టమైన బొచ్చుకన్నా వేగమని వేరే చెప్పాలా?

తిండి లెక్క జన్యువుల్లో కూడా రాసి ఉంది. గోధుమ, వరి పండించే మనుషుల పంచన చేరిన కుక్కలకు పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైము జన్యువు ఎన్నో నకళ్లుగా పెరిగింది. తోడేలుకు ఉన్నవి రెండు నకళ్లు. పల్లెల్లో అన్నం, రొట్టె ముక్కలు తిని బతికే కుక్కల్లో పది, ఇరవై వరకు ఉండొచ్చు. 2013లో ఎరిక్ ఆక్సెల్సన్ బృందం నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించింది. సైబీరియా ఉత్తరాన జోఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్ల నాటి కుక్క జన్యువులను 2020లో చదివారు. అక్కడ బండ్ల అవశేషాలు కూడా దొరికాయి. ఇప్పటి మంచుబండి కుక్కలు దానికి దగ్గరి వారసులు. వాటిలో పిండి అరిగించే మార్పు పెద్దగా కనిపించలేదు. కొవ్వు తిని బతికే బతుకుకు తగినట్టు మారాయి. 2023లో బాల్టో జన్యువులు కూడా చదివారు, పిండి అరిగించడంలో అది తోడేలుకన్నా కాస్త నయం, ఇప్పటి ఇంటి జాతుల కన్నా తక్కువ.

అటు అన్నం, ఇటు కొవ్వు. కాబట్టి మెదక్ బస్టాండు దగ్గర హోటలు వెనక పారేసిన అన్నం తిని, మోరీ కింద తడి మట్టి తవ్వుకుని, వెంట్రుకలు పలచగా ఉండే పొట్టను ఆ చల్లదనానికి ఆనించి పడుకునే కుక్క, అలాస్కా కుక్కకన్నా తక్కువదేమీ కాదు. అది ఈ నేలకు తగిన కుక్క. ఆంధ్ర తీరంలో కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసిన జోనంగి కుక్కదీ అదే తీరు. చర్మానికి అంటుకుపోయినట్టుండే పొట్టి వెంట్రుకలు, బక్కపలచని ఒళ్లు. ఆ చెరువుల గట్ల మీద దట్టమైన ఉన్ని ఉన్న కుక్క ఏం చేయగలదు?

మషింగ్‌ను నేను పూర్తిగా మెచ్చుకోలేను. ఇడిటరాడ్ మొదలైనప్పటి నుంచి వందకు పైగా కుక్కలు ఆ పందెంలో చనిపోయాయి. పందెం ముగించిన కుక్కలకు లోపలికి గొట్టం పంపి పరీక్ష చేస్తే దాదాపు సగం వాటి పొట్టలో పుండ్లు కనిపించాయని డేవిస్ బృందమే రాసింది. ఆమ్లం తగ్గించే మందులతో అది తగ్గించొచ్చని తేలాక ఇప్పుడవి ఇస్తున్నారు. పశువైద్యుల పరీక్షలు, తప్పనిసరి విశ్రాంతి వచ్చాయి. కుక్కలు పరుగంటే ఎగిరి గంతేస్తాయన్నదీ నిజమే. కుక్క ఆశ పడిందంటే దాని ఒళ్లు ఒప్పుకుందని కాదు, ఆ తేడా గుర్తుపట్టడం మనిషి బాధ్యత. ఇంకొక ఇబ్బంది మంచుదే. 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో మంచు చాలక పందెం మొదలయ్యే చోటును ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చాల్సి వచ్చింది. 2016లో ఆంకరేజ్ వీధుల్లో ఆరంభోత్సవం కోసం మంచును రైల్లో తెప్పించారు.

ఈ కథంతా మెదక్‌తో ముడిపడే చోటు ఒకటుంది. నీలి కళ్ల హస్కీ పిల్లలు హైదరాబాద్‌లో దొరుకుతున్నాయి, అక్కడి నుంచి చుట్టుపక్కల జిల్లా కేంద్రాలకూ చేరుతున్నాయి. ఫోటో బాగుంటుంది. కుక్క బాగుండదు. కొత్తగా కొనాలనుకునేవారు ఈ వేడి లెక్క ఒకసారి వేసుకుని ఆ ఆలోచన మానుకోండి. ఇప్పటికే పెంచుతున్నవాళ్లు నాలుగు జాగ్రత్తలు తీసుకోవాలి. నడక పొద్దు పొడవకముందే ముగించండి. తారు రోడ్డు మీద అరచేయి అయిదారు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కనూ నడపొద్దు. వేడని బొచ్చు నున్నగా గీయించకండి, పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రొప్పు ఆగక, చొంగ కారుస్తూ తూలుతుంటే ఆలస్యం చేయకుండా ఒంటి నిండా నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణానికే ప్రమాదం. తోడుకు కుక్కే కావాలనుకుంటే, మీ వీధిలో ఈ ఎండకు పుట్టిన పిల్ల ఒకటి ఉండే ఉంటుంది, దాన్ని పెంచుకోండి. రేబిస్ టీకా మాత్రం మరవకండి.